సంబరం నాటి వీడియోలు

మా ఆయన ఫొటోలు, వీడియోలు తీస్తాడు. తీసినవాటిని కంప్యూటర్లో సర్దేది నేను. పాతపట్నంలో బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే మా స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, ఊళ్ళలో అమ్మవారి సంబరాలు, అన్నీ తీస్తాం. మా పుట్టిల్లు రామతీర్థం. నాన్న విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పేవాడు. నాకు వాయించడం రాలేదు గాని ఆయన చెవి మాత్రం వచ్చింది. అపస్వరం వింటే పన్ను పోటు వచ్చినట్టుంటుంది.

నేను చెప్పబోయే కొట్లాట పాతపట్నానికి దగ్గర్లోని ఒక ఊళ్ళో జరిగింది. మా ఆయనది ఆ ఊరే. అందులో పై వీధి, కింద వీధి అని రెండు వీధులు. అమ్మవారి ఘటం ముందు ఏ వీధిలోకి రావాలన్నది వాళ్ళకి పాత తగువు. ప్రతి సంబరానికీ నాలుగు తిట్లు తిట్టుకుని, ఎవరో పెద్దాయన కలగజేసుకుంటే సర్దుకునేవారు. ఘటం ముందు రెండు వీధుల మగాళ్ళూ కర్రసాము చేస్తారు. తగలకుండా తిప్పడమే ఆ విద్య. కర్ర గాలిని కొయ్యాలి, మనిషిని తాకకూడదు.

ఆ ఊళ్ళో మా ఆయనకి ఇద్దరు మావయ్యలున్నారు. రక్తసంబంధం కాదు, ఊరి వరస. పెద్దమావయ్య నెమ్మదస్తుడు. వరి పండించి, మెట్టలో నువ్వులు వేసేవాడు. చిన్నమావయ్య ఆయన తమ్ముడే అయినా వయసులో చాలా తేడా. తల్లి పోతే అన్నా వదినా పెంచారు. పై వీధిలో కర్ర తిప్పడంలో చిన్నమావయ్యని మించినవాడు లేడు. అతను తిప్పుతుంటే కర్ర కనిపించేది కాదు, చివర్న వేయించిన ఇత్తడి పొన్ను ఒక్కటే ఎండలో గీతలా మెరిసేది.

ఆ సంబరానికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరేగింపు బయల్దేరింది. మా ఆయన వీధి మధ్యలో ఒక ట్రాక్టరు తొట్టె మీద నిలబడి తీస్తున్నాడు. నేను రెండో కెమెరాతో ఒక డాబా మీద ఉన్నాను. ఘటం రెండు వీధులూ కలిసే చోటికి వచ్చేసరికి ఎవరో పెద్ద బాంబు కాల్చారు. అది దాదాపు ఘటం ఎత్తుకున్నామె కాళ్ళ దగ్గరే పేలింది. ఆమె అదిరిపడింది. ఘటం ఒరిగింది, నీళ్ళు తొణికాయి. కింద వీధివాళ్ళు అది పై వీధి పనేనన్నారు. పై వీధివాళ్ళు మీరే కాల్చారన్నారు. ఒక చెంపదెబ్బ వినిపించింది. తర్వాత అందరి చేతుల్లోనూ కర్రలు ఉండనే ఉన్నాయి.

నేను అంతకు ముందు మనుషులు కొట్టుకోవడం చూడలేదని కాదు. కాని ఇది వేరు. కర్ర తిప్పడం బాగా వచ్చినవాళ్ళు కొట్టుకుంటే అరుపులు తక్కువ ఉంటాయి. వెదురు వెదురుకి తగిలితే ఒక చప్పుడు, ఎముకకి తగిలితే ఇంకోటి. ఎముక మీద పడిన దెబ్బకి మోత ఉండదు, అక్కడికక్కడే అణిగిపోతుంది. ఒకతని ముంజేయి మోచేతికి కిందుగా వంగిపోయింది, అతను ఆ చేతిని వింతగా చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక ముసలాయన కింద పడితే ఆయన మీదుగానే తొక్కుకుంటూ పోయారు. డోలు వాయించేవాడు డోలునే అడ్డం పెట్టుకుంటే దాని తోలు చిరిగిపోయింది. మా ఆయన తొట్టె మీదనుంచి దిగలేదు. దిగితే ఏదో ఒక వీధివాడైపోతాడు. నేనూ కెమెరా దించలేదు. ధైర్యంతో కాదు, అందులోంచి చూస్తుంటే అది దూరంగా జరుగుతున్నట్టు ఉండేది.

పెద్దమావయ్య చేతిలో కర్ర లేదు. రెండు చేతులూ పైకెత్తి, ఆపండర్రా ఆపండర్రా అంటూ మధ్యలోకి వెళ్ళాడు. మరుక్షణం ముఖం పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి పంచె మీద పడింది. అప్పుడు నేను కెమెరా డాబా మీదే వదిలేసి కిందికి పరిగెత్తాను. ఆయన చెయ్యి తీసి చూశాను. ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఏముందో నేను రాయలేను. నా చున్నీ మడిచి అదిమిపెట్టాను. ఆటోలో పడుకోబెట్టి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. దారిపొడుగునా చిన్నమావయ్య అన్న కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కింద ఈధి నాకొడుకుల్ని ఒగ్గను, ఒక్కణ్ణీ ఇడిసిపెట్టను అంటూనే ఉన్నాడట. కన్ను దక్కలేదు.

మర్నాడే పోలీసులు కింద వీధి కుర్రాళ్ళు ఇద్దర్ని పట్టుకుపోయారు. వాళ్ళిద్దరూ కర్రలతో ఆయనకి ఎదురుగా నిలబడి ఉండడం చాలామంది చూశారు. పోలీసులు వచ్చేలోపు పై వీధివాళ్ళు ఆ ఇద్దర్నీ కరెంటు స్తంభానికి కట్టి కొట్టారు. ఒకడికి ముందు పళ్ళు ఊడిపోయాయి. వాడి తల్లి సంతలో ఎండుచేపలు అమ్ముతుంది.

ఎస్సై గారు మా ఆయన్ని పిలిచి, కెమెరాల్లో ఉన్నవే కాకుండా ఊళ్ళో ఫోన్లలో ఉన్నవి కూడా అన్నీ పోగుచేసి, ఏది ముందో ఏది వెనకో వరసలో పెట్టి ఇమ్మన్నారు. రెండు వీధులవాళ్ళూ వచ్చి ఫోన్లలోంచి ఎక్కించి వెళ్ళారు. ఎక్కించేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సంబరానికి ముందే నేను కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాను, ఏ డిస్కులో ఎవరి పెళ్ళి ఉందో వెతుక్కోలేక. డిస్కు తగిలిస్తే చాలు, అది ప్రతి ఫైలునీ తెరిచి లోపల దాగున్న వివరాలు లాగుతుంది. ఏ కెమెరాతో తీశారు, ఎప్పుడు తీశారు, ఎంతసేపు, ఫోను అయితే ఎక్కడ నిలబడి తీశారు. దాన్నే మెటాడేటా అంటారు. బొమ్మ ఎవరికైనా కనిపిస్తుంది, ఇది అడిగితేనే కనిపిస్తుంది.

కాని ఏ వివరం కావాలో దానికి సరిగ్గా చెప్పకపోతే అబద్ధం చెబుతుంది. నేను మొదటిసారి అన్నీ ఎక్కించి చూస్తే వీడియోలన్నీ ఒకే రోజు, దాదాపు ఒకే గంటలో తీసినట్టు వచ్చాయి. అది నేను కంప్యూటర్లోకి ఎక్కించిన సమయం. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫైలు వచ్చిన సమయం వద్దు, లోపల రాసుకున్న సమయమే తియ్యమన్నాను. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినవాటిలో లోపల ఏమీ మిగల్లేదు. దారిలో కడిగేసినట్టు పోయింది. వాటికి సమయం గడి ఖాళీగా వదిలెయ్యమని పెట్టాను, లేకపోతే అది తనకు తోచిందేదో రాసేస్తోంది. మా ఆయన కెమెరాలో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. దాని లెక్క ప్రకారం ఆ కొట్లాట మా పెళ్ళికంటే ముందే జరిగింది.

మిగిలినవి ఫోన్లు. వాటిలో గడియారం సాధారణంగా టవరునుంచే వస్తుంది, నమ్మొచ్చు. ఒక్క పై వీధి ఫోను మాత్రం తేడాగా కనిపించింది. అందులో కింద వీధి కుర్రాడొకడు కర్ర ఎత్తి దూకుతున్నాడు. జాబితాలో అది అన్నిటికంటే ముందు వచ్చింది. దాన్ని బట్టి చూస్తే కింద వీధివాళ్ళే మొదలుపెట్టినట్టు. చిన్నమావయ్య స్టూడియోకి వచ్చి అది చూసి వెళ్ళాడు. స్టూల్ మీద కూర్చుని, తెర మీద వేలు పెట్టి ఆ సమయం చదివించుకున్నాడు. వెళ్తూ మా ఆయన భుజం తట్టాడు.

అతను వెళ్ళాక నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ వీడియో విన్నాను. అందులో బాంబు పేలిన మోత ముందే అయిపోయి, దాని ప్రతిధ్వని కొండవైపునుంచి తిరిగొస్తోంది. అదే సమయానికి మిగతా ఫోన్లలో ఆ బాంబు ఇంకా పేలనే లేదు. ఒక ఊళ్ళో ఒక బాంబు రెండుసార్లు పేలదు కదా. ఆ ఫోను గడియారం చేత్తో పెట్టుకున్నది, వెనకబడి నడుస్తోంది. దాన్ని జరిపితే ఆ వీడియో మధ్యలోకి వచ్చి పడుతుంది. ఆ మాట ఫోను తెచ్చినతనికి చెప్పాను. అతను ఊళ్ళో చెప్పాడు.

చిన్నమావయ్య మళ్ళీ వచ్చినప్పుడు వెంట మరో ముగ్గురున్నారు. ఎండ బాగా ఎక్కింది. మా ఆయన కౌంటర్లో కూర్చుని ఉన్నాడు.

"ఏటి కోడలా, టైము మార్సేస్తన్నావంట?" అన్నాడు.

మార్చడం కాదు మావయ్యా, ఆ ఫోను గడియారం తప్పు, సరిచేస్తున్నానని చెప్పాను. బాంబు సంగతి చెప్పబోయాను. అతను వినలేదు.

"ఫోను తప్పు, మీ ఆయన కెమెరా తప్పు. నువ్వొక్కదానివే రైటేటి? మా అన్న కన్ను పోనాది. అది కూడా తప్పేనంటావేటి?"

మా ఆయన లేచి మధ్యలోకి వచ్చాడు. చిన్నమావయ్య గొంతు తగ్గించి, మా ఈధి కర్రలు కనిపించే ఈడియోలు తీసేయండి, మిగతాయి మీ ఇష్టం అన్నాడు. తియ్యలేను, ఎన్ని వచ్చాయో ఎస్సై గారికి తెలుసు అని మా ఆయన నెమ్మదిగానే చెప్పాడు. "అయితే ఏటీ ఉండవు" అన్నాడు చిన్నమావయ్య.

తర్వాత జరిగింది నాకు వరసగా గుర్తులేదు. స్టూడియో ముందరి అద్దం పగిలింది. గోడకున్న పెళ్ళి ఫొటోలు, వాటి ఫ్రేములు ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఒకడు కంప్యూటరు తెరని ఎత్తి నేలకేసి కొట్టాడు. మా ఆయన కెమెరా బ్యాగుని కావలించుకుని బోర్లా పడుకుంటే అతని చేతి మీద కాలితో తొక్కారు. మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. సంబరంలో విన్నదే ఆ చప్పుడు, కాని ఇది నా ఇంటిది.

నా చేతికి ట్రైపాడ్ దొరికింది. ఇనుపది, బరువైనది. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి చిన్నమావయ్య మీద వేశాను. తలకి గురిపెట్టాను, భుజానికి తగిలింది. మెడకీ భుజానికీ మధ్య ఎముక లోపలికి దిగినట్టయింది. అతను ఒక పక్కకి ఒరిగాడు. నేను మళ్ళీ ఎత్తాను. అప్పుడు నాకు భయం వెయ్యలేదు, ఏడుపు రాలేదు. ఒంట్లో ఎక్కడో గట్టిగా బిగించి ఉన్న తీగ తెగినట్టు హాయిగా అనిపించింది. ఇంకా కొట్టాలనిపించింది. మందులషాపాయన, టిఫిన్ బండాయన వచ్చి వెనకనుంచి పట్టుకోకపోతే కొట్టి ఉండేదాన్ని. మనుషులు సంబరంలో ఎందుకు ఆగలేదో నాకు అప్పుడు తెలిసింది.

చిన్నమావయ్య భుజం పట్టుకుని గోడకి ఆనుకుని నన్ను చూశాడు. కోపంగా కాదు. తర్వాత వెళ్ళిపోయాడు.

మేం వాళ్ళ మీద కేసు పెట్టలేదు. అద్దాలు బిగించే మనిషి వచ్చి కొలతలు తీసుకునేలోపే మా ఆయన కట్టు కట్టించుకున్న చేత్తో, ఇక్కడ ఉండొద్దు, మీ నాన్న దగ్గరికి పోదాం అన్నాడు. డిస్కులు పగల్లేదు. వాటిని నేను రోజూ ఇంటికి పట్టుకుపోయేదాన్ని. చీరల మధ్య పెట్టుకుని బస్సెక్కాం.

రామతీర్థంలో నాన్న గదిలో బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు, దాని మీద అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. పొద్దున్నే కొండ మీద గంటలు మోగేవి, నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. పని తేలికే. ప్రతి వీడియోలోనూ బాంబు పేలిన క్షణం పట్టుకోవడం, దాన్ని గుర్తుపెట్టి, ఆ ఫైలు గడియారం ఎంత ముందుందో ఎంత వెనకుందో సాఫ్ట్‌వేరుకి చెప్పడం. చెబితే అది మిగతాదంతా జరుపుకుంటుంది. ఫోను ఉన్న చోటు కూడా రాసి ఉన్నవాటిని మ్యాపు మీద పెడితే, ఎవరు ఏ వైపునుంచి తీశారో తెలిసింది. మా ఆయన కెమెరాకి కూడా అలాగే సమయం దొరికింది. నేను డాబా మీదనుంచి తీసింది పైనుంచి, అతను తొట్టె మీదనుంచి తీసింది పక్కనుంచి, కింద వీధి ఫోనొకటి ఎదురుగా. మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఒకేసారి నడిపాను.

పెద్దమావయ్య చేతులెత్తి వస్తాడు. కింద వీధి కుర్రాళ్ళిద్దరూ ఎదురుగానే ఉన్నారు, కర్రలెత్తే ఉన్నారు. కాని వాళ్ళ కర్రలు ఆయన్ని తాకలేదు. ఆయన వెళ్ళింది తమ్ముడి వెనక్కి. చిన్నమావయ్య ముందున్నవాణ్ణి కొట్టడానికి కర్రని బలంగా వెనక్కి తీశాడు. ఆ వెనక్కి వచ్చిన కొసే అన్న కంట్లోకి వెళ్ళింది. ఎండలో ఇత్తడి పొన్ను ఒక్కసారి మెరిసి ఆగిపోయింది. ఏ ఒక్క వీడియో చూసినా అది తెలియదు. మూడూ ఒక సమయం మీదికి వస్తేనే తెలుస్తుంది.

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఒక్క మాట అన్నాడు, ఆ కుర్రాడి పళ్ళు ఊడగొట్టింది కూడా చిన్నమావేనని. నాన్న మా ముఖాలు చూసి బయటికెళ్ళిపోయాడు.

ఎస్సై గారికి ఇవ్వక తప్పదు, కుర్రాళ్ళిద్దరూ ఇంకా జైల్లోనే ఉన్నారు. అందులో మా ఇద్దరికీ రెండో మాట లేదు. కాని ముందు పెద్దమావయ్యకి చెప్పాలని మా ఆయన పట్టుబట్టాడు. తన కన్ను ఎవరు తీశారో పోలీసులు చెప్తే తెలుసుకోవడం న్యాయం కాదన్నాడు. రామతీర్థంనుంచి కారు మాట్లాడుకుని తిన్నగా ఆ ఊరు వెళ్ళాం.

పెద్దమావయ్య నడవలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగం ముఖానికి కట్టు. ఉన్న కంటితో మమ్మల్ని చూడ్డానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. మా ఆయన చేతి కట్టు చూసి, ఇది మావోడు సేసిన పనే కదా అని తల దించుకున్నాడు. అత్తయ్య మజ్జిగ ఇచ్చి లోపలికెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలో తెలీక మా ఆయన, వీడియోలన్నీ వరసలోకి వచ్చాయి మావా అన్నాడు.

ఆయన మజ్జిగ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి దించాడు.

"కర్ర ఎవలిదో నాకు తెలుసు కోడలా," అన్నాడు నాకేసి తిరిగి. "ఆ పొన్ను ఏయించినోణ్ణి నానే. కంట్లోకి వచ్చింది నాకు తెలీదేటి?"

మా ఆయన అడిగాడు, మరి ఆ కింద వీధి గుంటలు జైల్లో ఉన్నారు కద మావా అని.

"ఆడికి పళ్ళు రాకముందే మా అమ్మ పోనాది. మీ అత్త సంకనేసుకుని పెంచినాది. నన్నేటి సెప్పమంటావు, నా తమ్ముడే పొడిసీసినాడని సెప్పీదా?"

ఎండుచేపలమ్మే ఆమె సంగతి నేను చెప్పాను. ఆమె స్టూడియోకి వచ్చి, కొడుకు ఊడిన పళ్ళు గుడ్డలో కట్టుకుని పట్టుకొచ్చి, వీటికి కూడా ఫొటో తియ్యమని అడిగిందని. ఎందుకని అడిగితే, కోర్టులో సూపిత్తానందని. పెద్దమావయ్య గ్లాసు కింద పెట్టాడు.

అప్పుడు చూశాం, గుమ్మంలో చిన్నమావయ్య నిలబడి ఉన్నాడు. నేను కొట్టిన భుజానికి పట్టీ వేసి, చెయ్యి మెడకి కట్టి ఉంది. ఎప్పుడొచ్చాడో తెలీదు. అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలిసింది.

పెద్దమావయ్య మంచం పక్కనున్న కర్ర తీసుకుని లేచాడు. డాక్టరు నడవడానికి పట్టుకోమని చెప్పిన కర్ర అది. "ఇటు రా," అన్నాడు. తమ్ముడు వచ్చాడు.

మొదటి దెబ్బ గుమ్మానికి తగిలింది. ఒక కన్ను పోతే దూరం తెలియదు. రెండోది గాలిలోనే పోయింది, ఆయన తూలాడు. చిన్నమావయ్య ఒక అడుగు ముందుకేసి దెబ్బకి అందేలా నిలబడ్డాడు. అప్పుడు తగిలింది. వీపు మీద, తొడల మీద, కట్టు కట్టిన భుజం మీద. పెద్దమావయ్య తిట్టలేదు, ఏడవలేదు. ఊపిరి పీల్చుకుంటూ కొట్టాడు. గురి తప్పినప్పుడల్లా తమ్ముడు కొంచెం జరిగి అందేవాడు. నుదురు చిట్లి రక్తం కనుబొమ్మ మీదికి వచ్చినా తుడుచుకోలేదు. మా ఆయన లేవబోతే నేనే చెయ్యి పట్టి ఆపాను. ఎందుకాపానో నాకు తెలీదు. అత్తయ్య లోపలనుంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది, ఒక దెబ్బ ఆమె చేతికి తగిలింది. అప్పుడు ఆగాడు. కర్ర వదిలేసి కూర్చుండిపోయాడు.

చిన్నమావయ్య అన్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"నాకు ఆ రోజే తెలుసు అన్నా," అన్నాడు. "ఏటికి తగిలిందో సేతికి తెలుస్తాది."

కాసేపటికి పెద్దమావయ్య చొక్కా తెమ్మన్నాడు. అన్నదమ్ములిద్దరూ మేం వచ్చిన కారులోనే పాతపట్నం వచ్చారు. ఇద్దరూ వెనక సీట్లో, మా ఆయనకి అటూ ఇటూ, చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. స్టేషనులో చిన్నమావయ్య తన నోటితోనే చెప్పాడు. మేం మా డిస్కు ఇచ్చాం. ఏ ఫైలు గడియారం ఎంత జరిపానో, ఎందుకు జరిపానో వాళ్ళకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

కింద వీధి కుర్రాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళ మీద కొట్లాట కేసు మిగిలింది గాని, కన్ను కేసు పోయింది. చిన్నమావయ్య కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చాడు. తర్వాత కోర్టులో రెండు వీధులూ రాజీ పడ్డాయి. అంత వరసలో పెట్టిన వీడియోలు అక్కడ ఎవరూ వేసి చూడలేదని విన్నాను. నాకు బాధ వెయ్యలేదు. తెలియాల్సినవాళ్ళకి అంతకు ముందే తెలిసింది.

మేం పాతపట్నం తిరిగొచ్చి స్టూడియో మళ్ళీ తెరిచాం. మా ఆయన మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. బరువైన కెమెరా ఎక్కువసేపు ఎత్తలేడు. పెళ్ళిళ్ళలో ఇప్పుడు ఎక్కువ నేనే తీస్తాను. గొడవల్లాంటివి తీసేది లేదని ఇద్దరం అనుకున్నాం, కాని గొడవ అవుతుందని ఎవరూ ముందు చెప్పి పిలవరు.

ఒకరోజు చిన్నమావయ్య స్టూడియోకి వచ్చాడు. కొత్త అద్దం బయట కాసేపు నిలబడి, నేను తలూపితే లోపలికొచ్చాడు. ఆ వీడియో ఒకసారి చూపించమన్నాడు. పోలీసులకిచ్చింది కాక మా దగ్గర ఒక కాపీ ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి నడిపాను. అతను అన్న ముఖం వైపు చూడలేదు. తన పాదాల వైపే చూశాడు. అవి ఎక్కడ ఉన్నాయో, ఎటు తిరిగాయో చూశాడు. మళ్ళీ వెయ్యమనలేదు.

"ఒక్కపాలి ఎనక్కి సూసుంటే సరిపోను," అన్నాడు.

నా చేతి వైపు చూసి, నువ్వు కొట్టిన భుజం వానొస్తే ఇప్పటికీ లాగుతాదని చెప్పాడు. ఫిర్యాదులా కాదు, ఊరి కబురు చెప్పినట్టు. మా ఆయనకి వంకర మణికట్టు ఎలాగో నీకది అలా అన్నాను. అతను తలూపాడు. టీ తెప్పిస్తే తాగి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఘటం ముందు కర్రసాము లేదు. పెద్దమావయ్య గట్టు మీద నడుస్తుంటే అడుగు ఎక్కడ పడుతుందో తెలియక రెండుసార్లు బోదికాలవలో పడ్డాడు. అప్పట్నుంచి పొలం మొత్తం తమ్ముడే చేస్తున్నాడు, వరి, నువ్వులు అన్నీ. అన్నదమ్ములు ఒకే ఇంట్లో, ఒకే వంట తింటారు. అత్తయ్య చెప్పింది, ఇద్దరూ మాట్లాడుకోరట. ఏదైనా కావాలంటే ఆమెతో చెప్తారు, ఆమె అది రెండోవాళ్ళకి చెబుతుంది. మొన్న మాత్రం పొలం నుంచి వస్తూ వర్షంలో చిక్కుకున్నప్పుడు తమ్ముడు ముందు నడుస్తుంటే, అన్న అతని తువ్వాలు కొస పట్టుకుని గట్టు మీద ఇంటికొచ్చాడట.